ఊపిరితో సరిచూసిన పేరు

గాలి చెడిపోయిన ఆ ఊళ్లో ఊపిరి యంత్రం లేని ఇల్లు లేదు. యంత్రాన్ని నడిపే ప్రోగ్రాం అందరిదీ. ఎవరైనా విప్పి చదవచ్చు, దిద్దవచ్చు. దిద్దినవాళ్లు కింద తమ పేరు రాయాలన్నదొక్కటే కట్టుబాటు.

యంత్రం వేసే ఈల ఆపుదామని సలోమి శనివారం ప్రోగ్రాంలో ఒక వరుస మార్చింది. తన దిద్దుబాటు మీద నమ్మకం చాలక పేరు రాయలేదు. మార్పు ఇంటింటికీ చేరింది. గంటలోపే ముసలి దీవెనమ్మ పాతకాలపు యంత్రం ఆగిపోయింది. కోడలు చేత్తో గాలి కొట్టి ముసలామెను బతికించుకుంది. సంగతి తెలిసి సలోమి గబగబా పాత వరుసే తిరిగి పెట్టేసింది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అందరూ దేవుడు చేసిన మేళ్లు చెబుతున్నారు. సలోమి లేచింది.

"ఆ మార్పు చేసింది నేనేనండీ. చెబితే ఇక నా చేతిని ఎవరూ నమ్మరని దాచాను."

ముందు వరుసలో దీవెనమ్మ ఆయాసపడుతూనే నవ్వింది.

"ఓసి పిల్లా, పరలోకం గుమ్మందాకా పంపావు గదే! మరి ఆ ఈల గోల తగ్గేదెట్టా?"

"మళ్లీ దిద్దనా మామ్మా?"

"దిద్దు. ముందు నా యంత్రానికే పెట్టు."

మధ్యాహ్నం సలోమి దీవెనమ్మ యంత్రంలోనే దిద్దింది. కింద తన తప్పు రాసి, తన పేరు రాసింది. కాసేపు ఈల లేని గాలి పీల్చుకుని, దీవెనమ్మ ఆ పేరు కిందే రాసింది: "నా ఊపిరితో సరిచూశాను. దీవెనమ్మ."