చినిగిన రాణి నోట్లు

"చినిగినయే ఇయ్యి చెల్లె. మంచియి దాచుకో," అన్నాడు పరదా అవతల నుంచి పాత సామాన్ల వ్యాపారి బాలయ్య.

అన్వరి బేగం పరదా సందులోంచి నోట్ల కట్ట అందించింది.

చక్రవర్తుల కాలపు రష్యా నోట్లు. వెలుతురుకు పట్టి చూస్తే కాగితం లోపల రాణి మొహం కనబడుతుంది. ఎల్లారెడ్డిలో దర్జీ పని చేసిన ఆమె భర్త గఫూర్ కడుపు కట్టుకుని కూడబెట్టిన ఆస్తి అదొక్కటే. ఎక్కడ కొంటున్నాడో ఇంట్లో చెప్పేవాడు కాదు. ఆ పిచ్చికి మందు లేదు.

ఆయన పోయాక ఈ బాలయ్య పిట్లం నుంచి సంతకొకసారి వస్తున్నాడు. ఇరవై రూపాయలిచ్చి, ముక్కలైన నోటు ఒకటి ఏరుకుని పోతాడు. అప్పట్లో ఇరవై అంటే వారం బియ్యం.

సంగతి తెలిసి తమ్ముడు లతీఫ్ కామారెడ్డి నుంచి ఉరికొచ్చాడు.

"ఆపా, ఎంత చినిగితే అంత పాతది! అంత విలువ! లక్షల సొమ్ము ఇరవైకి గుంజుకపోతున్నడు వాడు."

ఇరవైతో బతికే మనిషి చెవిన లక్ష మాట పడితే ఇంక అన్నం సయిస్తుందా?

మరుసటి సంతనాడు బాలయ్య గొంతు వినబడగానే అన్వరి కడిగేసింది.

"మొగడు సచ్చినదాని నోటికాడి కూడు గుంజుకుంటవా, దొంగా! మల్ల ఈ గడప తొక్కితే చెప్పుతోని కొడత!"

బాలయ్య సంచి భుజాన వేసుకున్నాడు.

"చినిగినయి ఇంక ఏడే ఉన్నయి చెల్లె..." అని గొణిగి వెళ్లిపోయాడు.

లతీఫ్ నోట్లన్నీ హైదరాబాదుకు మోసుకెళ్లి, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఆ రాజ్యమే పోయింది, నోట్లేడ చెల్లుతయన్నరు ఆపా. మంచిగున్నయి సోకుకు దాచుకునేటోళ్లు కొంటరట. చినిగినయిస్తే చాయ్ గూడ రాదట."

"మరి ఆ బాలయ్య ఎందుకు కొన్నడు?"

"నీ మీద జాలితోనేమో ఆపా," అన్నాడు లతీఫ్.

తిట్టిన తిట్లు తలుచుకుని అన్వరి సిగ్గుతో చచ్చిపోయింది. బురఖా వేసుకుని పిట్లం బస్సెక్కింది.

బాలయ్య ఇంటి ముందు ఆయన భార్య కమలవ్వ కూర్చుని ఉంది. ఆమె నొసట బొట్టు లేదు.

"ఎల్లారెడ్డి దర్జీ భార్యవా?" అంటూ కమలవ్వ లోపలికి వెళ్లి, చిన్న మూట తెచ్చి చేతిలో పెట్టింది. "ఏడు నోట్ల పైసలు. నీకిచ్చి రమ్మని చెప్పి పానం ఇడిసిండు."

"ఎందుకవ్వా? అవి ఉత్త కాయితాలే గద!"

"ఎరికే బిడ్డా. లక్షలొస్తయని అబద్ధమాడి, ఒక్కోటి ఇరవై రూపాయలకు ఆ చినిగినయన్ని నీ పెనిమిటికి అంటగట్టింది మా ఆయనే."