పచ్చ దీపం వెలిగేదాకా

కొమురవ్వ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎదురుగా పీటమీద సీఐ నరహరి ముళ్లమీద కూర్చున్నట్టు ఉన్నాడు. ఇద్దరి మధ్యా, ఆమె కొడుకు సాగర్ ప్రాణం తీసిన తుపాకీ.

కొత్త చట్టం వచ్చాక తుపాకులే సాక్షులు. కాల్చినవాడు చనిపోయినవాడి ఇంటికొచ్చి, జరిగింది తన నోటితోనే చెప్పాలి. నిజమైతే తుపాకీమీద పచ్చ దీపం వెలుగుతుంది, అబద్ధమైతే ఎర్రది. పచ్చది వెలిగేదాకా కాల్చినవాడి ఠాణాలో ఏ తుపాకీ పేలదు.

"చీకట్లో దొంగ మామీద కత్తితో దాడి చేయగా, ఆత్మరక్షణ కోసం..." పాత అలవాటుకొద్దీ అప్పజెప్పాడు నరహరి.

ఎర్ర దీపం వెలిగింది.

"చీకటెక్కడిది సారూ? మిట్ట మధ్యాహ్నం. నా చేతి బువ్వ తినే పోయిండు," అంది కొమురవ్వ, పని ఆపకుండానే.

నరహరి చెమట తుడుచుకున్నాడు. "మేం వెతికే దొంగ వేరేటోడు. సాగర్ చేతిల కత్తి లేదు. భయపడి ఉరుకుతుంటే ఎనకనుంచి నేనే కాల్చిన."

వంటిల్లంతా పచ్చబడింది. ఆ క్షణమే, చట్టం చెప్పినట్టు, అవే మాటలు కాలనీలో ప్రతి ఇంట్లోనూ అతని గొంతుతోనే వినిపించాయి. ఇన్నాళ్లూ ఈ గడప తొక్కనివాళ్లంతా పరుగున వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

నరహరి టోపీ అందుకుని లేవబోయాడు.

"ఆగు సారూ," కొమురవ్వ ఒళ్లోని ఈనెలు దులుపుకుని లేచింది. "దొంగ తల్లినని ఇన్నొద్దులు తల వంచుకున్న. ఇయ్యాల కాలనీ అంతా చూస్తుంటే ముందు నేను నడుస్త. నువ్వు నా ఎనక రా. ఎనక నువ్వున్నా నాకిప్పుడు భయం లేదు."