కాళ్ళకంటిన ఇసుక

ముప్పై ఏళ్ళ తర్వాత ఆమె మళ్ళీ అదే సముద్రపుటొడ్డు హోటల్లో, అదే మూలగదిలో దిగింది. రంగు వెలిసిన ఆ హోటల్లో ఆ రాత్రి ఆమె తప్ప ఎవరూ లేరు.

"మెట్ల దగ్గర కుళాయి ఎండిపోయి ఏళ్ళయిందమ్మా. కాళ్ళు లోపలే కడుక్కోండి," అని చెప్పి వాచ్‌మన్ ఇంటికి వెళ్ళిపోయాడు.

చిన్నప్పుడు సెలవులకొస్తే అమ్మ పెట్టిన రూలు ఒక్కటే: ఇసుక కడుక్కున్నాకే గదిలో అడుగు పెట్టాలి. తమ్ముడి కాళ్ళు తనిఖీ చేసే పెత్తనం ఆమెది. చివరి సెలవుల్లో ఒక సాయంత్రం, వాడి కాళ్ళు శుభ్రంగానే ఉన్నా, ఏడిపించడానికి "ఇంకా ఉంది, పో!" అని గడియ పెట్టేసింది. కుళాయిలో నీళ్ళు ఆగిపోవడంతో వాడు సముద్రానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. గడియ సంగతి ఆమె ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పన్నెండు దాటాక కుళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్ళు ధారగా పడి, ఆగాయి. తడి పాదాలు మెట్లెక్కి ఆమె గుమ్మం ముందు ఆగాయి.

"అక్కా, కడుక్కున్నా. చూడు."

ఆమె గడియ మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేకపోయింది. చివరికి, "ఇంకా ఉంది, పో," అంది.

వాడెప్పుడూ అక్క మాట జవదాటలేదు. పాదాలు మెల్లగా మెట్లు దిగి, కుళాయి దాటి, సముద్రం వైపు వెళ్ళాయి.

తెల్లవారడానికి ఇంకా అయిదు గంటలుంది.