పికిలిపిట్ట పిల్లకు పాటల గురువు

పికిలిపిట్ట తన అడవికి ఎంతో దూరంగా, ఏటి ఒడ్డున రేగుపొదలో కాపురం పెట్టింది. అక్కడ తన జాతి పిట్ట ఇంకొకటి లేదు. పిల్లకు తమ పాట రాకుండానే పోతుందేమోనని దానికి కంటి మీద కునుకు లేదు.

ముందు పిల్లను చిలుక దగ్గరికి తీసుకెళ్ళింది. "నేను అన్నది అన్నట్టు అనాలి, అంతే!" అని గదమాయించింది చిలుక. పిల్ల నోరే విప్పలేదు.

"నా దగ్గర వదిలేసి వెళ్ళు వదినా, నేను చూసుకుంటాగా," అంది కోకిల. సొంత పిల్లల్నే కాకికి అప్పజెప్పిన గురువు! పికిలిపిట్ట ఆ కొమ్మ మీద నిలవలేదు.

చివరికి ముసలి గోరింక దొరికింది. "నీకు వచ్చింది పాడు తల్లీ, విందాం," అంది పిల్లతో.

"దానికేం వచ్చు తాతా? ఒసే, కొమ్మ అంచుకు పోకు!" అంది తల్లి.

పిల్ల గొంతెత్తింది. "గద్దొస్తోంది! పామొస్తోంది! అంచుకు పోకు!"

చుట్టుపక్కల పిచ్చుకలన్నీ హడలిపోయి పొదల్లో దూరాయి.

"శ్రుతి వెంట్రుకవాసి తప్పలేదే! ఎవరు నేర్పారు?" అంది గోరింక.

"మా అమ్మ. పొద్దస్తమానం ఇదే పాడుతుంది."

గోరింక తల్లి వైపు తిరిగింది. "ఇంకో పాటేదైనా వచ్చా అమ్మాయ్?"

ఈ ఒడ్డుకు వచ్చాక తాను ఒక్కసారీ పాడలేదని పికిలిపిట్టకు అప్పుడు తట్టింది. ఆకాశం వైపు బెదురుగా చూసి, బొంగురు గొంతుతోనే తన అడవి పాట ఎత్తుకుంది.

పిల్ల మెడ సాచి, వింటూ వింటూ కొమ్మ అంచుదాకా జరిగింది. తల్లి చూసింది. పాట మాత్రం ఆపలేదు.