గ్యాసు ఎటు పోతోంది?

“గ్యాసు తాగేస్తున్నావా ఏంటయ్యా?” అన్నాడు సూపర్ మార్కెట్ మేనేజరు.

మెకానిక్ కోల్డ్ రూమ్ వెనక ఇరుకు సందులో చతికిలబడి మిషనుకి గేజీ తగిలించాడు. ముల్లు ఉండాల్సిన చోటికి చాలా కింద కొట్టుకుంటోంది. పైపు మధ్యలో ఉన్న చిన్న గాజుబిళ్ళలోకి చూశాడు. నిండుగా పారాల్సిన చోట బుడగలు పరిగెడుతున్నాయి. గ్యాసు మళ్ళీ తగ్గింది.

మూడేళ్ళుగా ఇదే వరస. రెండు నెలలకోసారి గ్యాసు తగ్గుతుంది, ఫోను వస్తుంది, అతను సిలిండరు మోసుకుని దిగుతాడు. మిషనుకి ఇరవై రెండేళ్ళు. ముసలిదైపోయింది, ఎక్కడో కారుతోందిలే అని అందరూ సరిపెట్టుకున్నారు. అదే మనిషికైతే ఈపాటికి నలుగురు డాక్టర్లని మార్చేవారు.

ఈసారి మేనేజరు సరిపెట్టుకునేలా లేడు. నిన్న పాలూ పెరుగూ వెన్నా మొత్తం పారబోయాల్సి వచ్చిందట.

“పైవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. ఇంకొక్కసారి ఇలా అయితే ఆ స్టోరు అమ్మాయిని ఇంటికి పంపేస్తా. ఈ రూము చూసుకోవాల్సింది తనేగా!”

మెకానిక్ చేతిలో పానా ఆగింది.

“మిషను పాతదైతే ఆ అమ్మాయేం చేస్తుంది సార్?”

“అదంతా నాకు చెప్పకు. ఎవరో ఒకరి మీద రాయాలి. లీకు పట్టుకో. లేదంటే రేపట్నించి రావద్దని ఆ పిల్లకి నువ్వే చెప్పు.”

మేనేజరు విసవిసా వెళ్ళిపోయాడు.

మెకానిక్‌కి భయపడాలో బాధపడాలో తెలియలేదు. అసలేమీ అనిపించలేదు. కాళ్ళకి తిమ్మిరెక్కినట్టు మనసుకీ ఎక్కింది.

తర్వాత మగ్గులో సబ్బునురుగు కలిపి, బ్రష్షుతో మిషను వెనకనున్న నట్టుకి రాశాడు. మొదట రాసిన చోటే నురుగు పొంగింది. పానాతో గట్టిగా బిగించి మళ్ళీ రాశాడు. పొంగలేదు. గ్యాసు ఎక్కించాడు. గాజుబిళ్ళలో బుడగలు ఒక్కొక్కటే పోయాయి.

స్టోరు అమ్మాయి రిజిస్టరు పట్టుకుని వచ్చింది.

“ఎన్ని కిలోలు పట్టిందండీ?”

“నాలుగు. లీకు దొరికిందమ్మా. ఇంక ఏళ్ళ తరబడి దీనికి ఢోకా లేదు. నీ ఉద్యోగానికీ లేదు.”

“మంచిదండీ.” రాసుకుంటూ తల ఎత్తలేదు.

“పోయినసారి దగ్గుతున్నావు. తగ్గిందా?”

“తగ్గింది.”

“స్వెట్టరు లేకుండా ఆ చలిలోకి వెళ్ళకు.”

“ఇక్కడ సంతకం పెట్టండి.”

అతను అక్షరాలు కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా ఒక్కొక్కటే దిద్దాడు. ఆమె రిజిస్టరు లాక్కున్నంత పని చేసింది.

“వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేయండి. చల్లదనం పోతుంది.”

అతను సిలిండరు భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

ఇల్లు వదిలి వెళ్ళి, నాన్నా అని పిలవడం మానేసిన కూతురిని రెండు నెలలకోసారైనా చూడటానికి, గ్యాసు నింపిన ప్రతిసారీ ఆ నట్టుని కాస్త వదులు చేసి వెళ్ళింది అతనే.