నడుస్తాంది గద సార్

"ఈ లైన్ ఎందుకు రాసినవమ్మా?"

పరమేష్ వేలు స్క్రీన్ మీద ఆగింది. జాస్మిన్ ఆ వేలు వంక చూసింది. లైన్ వంక చూడలేదు.

"అది... ఉండాలె సార్."

"ఉండాలని ఎవరు చెప్పిండ్రు?"

"ఏఐ ఇచ్చింది సార్. నడుస్తాంది గద సార్."

అతను స్క్రీన్ మీంచి వేలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

మేడ్చల్‌లో ఒక టైల్స్ షాపు పైన ఉంది ఆ ఇన్‌స్టిట్యూట్. మెట్ల దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'ఏఐ కాలంలో సాఫ్ట్‌వేర్, మీ చేత్తో చేస్తూ నేర్చుకోండి' అని. బ్యాచ్ అంతా టీకి కిందికి దిగింది. ల్యాబ్‌లో ఇద్దరే మిగిలారు. జాస్మిన్ కుర్చీలో, పరమేష్ ఆమె పక్కన నిలబడి.

అది వాటర్ ట్యాంకర్ బుక్ చేసే ప్రోగ్రాం. కాలనీ పేరు కొడితే ట్యాంకర్ ఖాయమైందో లేదో చెప్పాలి. నిన్న పరమేష్ ఇంటి దగ్గర దాన్ని నడిపి చూశాడు. నాగారం అని కొట్టాడు. 'బుక్ అయింది' అంది. మచ్చ బొల్లారం అని కొట్టాడు. 'బుక్ అయింది' అంది. అనుమానం వచ్చి తన పేరే కొట్టాడు. పరమేష్‌కూ ట్యాంకర్ బుక్ అయింది. తీరా బుకింగులు తెరిచి చూస్తే అందులో ఒక్కటీ లేదు.

"గీ లైన్ ఏం జేస్తదో నేను జెప్పన్నా? లోపల ఏ తప్పు జరిగినా మింగేస్తది. మింగి, పైకి నవ్వుకుంట 'బుక్ అయింది' అంటది. ఆడ బిందెలు పట్టుకొని నిలబడ్డోళ్లు నిలబడే ఉంటరు."

జాస్మిన్ చెయ్యి అలవాటు కొద్దీ పక్కనున్న చాట్ విండో మీదికి పోయింది.

"అది బంద్ జెయ్యి."

"ఒక్కసారి అడుగుత సార్..."

"నేను అడిగింది నిన్ను. దాన్ని కాదు."

ఆమె మూసేసింది. ఇక స్క్రీన్ మీద కోడ్ ఒక్కటే మిగిలింది. ఆమె చూపు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరుగుతోంది గాని ఎక్కడా ఆనడం లేదు.

ఆ చూపు పరమేష్‌కు తెలుసు. శామీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పాడు; ఇక్కడా అందరికీ అతను సారే. పుస్తకం వెనక జవాబు చూసి ముందే రాసుకుని, మధ్యలో సోపానాలు తోచినట్టు అల్లే పిల్లల చూపు అది. ఆ బడి వదిలి ఇక్కడికొస్తే మళ్లీ కనపడదనుకున్నాడు.

"పైన డైరెక్టర్ సార్‌తోని మాట్లాడొస్త," అన్నాడు.

జాస్మిన్ దిగ్గున లేచి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వద్దు సార్. మీకు దండం పెడ్త. నన్ను తీసేస్తరు. బీటెక్ అయినంక రెండేండ్లు ఇంట్లనే కూసున్న. మొన్ననే చర్చిల సాక్ష్యం గూడ చెప్పిన, దేవుడు దారి సూపిండని. మా అమ్మ అందరికి కేకు పంచింది సార్."

"కేకు పంచేటప్పుడు తెల్వదా, నీకేం రాదని?"



"తెల్సు," అంది. "అందరు గిట్లనే జేస్తున్నరు గద సార్."

ఆమె భయపడుతుంటే అతనికి లోపల ఎక్కడో బాగుంది. బెత్తం చేతిలో ఉన్ననాటి తృప్తి అది. దాన్ని గుర్తుపట్టగానే అసహ్యం వెనక్కి తిరిగి అతని మీదికే వచ్చింది. ఏసీలోంచి వచ్చే ముక్కిపోయిన వాసన, గోడ మీద ఉద్యోగాలొచ్చినవాళ్ల నవ్వు ఫొటోలు, ఆమె నుదుటి చెమట, ఇందాక చూపించిన తన వేలు, అన్నీ ఒకే జిగురులో అంటుకుపోయినట్టు అనిపించింది. చేతులు కడుక్కోవాలనిపించింది.

"కూసో," అన్నాడు. "ఆ లైన్ తీసెయ్."

"తీస్తే ఆగిపోతది సార్."

"ఆగనియ్యి."

తీసేసి నడిపింది. స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు పొర్లిపడ్డాయి. నూనె చిట్లినట్టు ఆమె వెనక్కి జరిగింది.

"చదువు."

"ఎర్రర్ సార్."

"ఎర్రర్ అని నాకు గూడ కనిపిస్తాంది. ఏమంటాందో చదువు."

జాస్మిన్ గబగబా చదివేసింది. మళ్లీ మొదటికొచ్చి, పెదాలు కదిలిస్తూ ఒక్కో మాటే చదివింది. ఒకచోట ఆగింది.

"కాలనీల ఫైల్ దొరుకుతలేదంటాంది... సార్, ఫైల్ పేరే తప్పు గొట్టి ఉన్నది! అసలు ఏ కాలనీలున్నయో దానికి తెల్వనే తెల్వదు!"

ఎవరూ చెప్పకుండానే పేరు దిద్దింది. నాగారం అని కొట్టింది. బుక్ అయింది. బుకింగుల్లో చూసింది. ఉంది. ఒక్క క్షణం ఆగి, పరమేష్ అని కొట్టింది. అలాంటి కాలనీ లేదంది.

"మీకు నీళ్లు లేవు సార్," అని ఫక్కున నవ్వింది.

తన చేత్తో తాను ఒక పని చేసుకున్న వెలుగు ఆమె మొహంలో కనిపించింది. బడిలో ఏ పిల్లవాడి మొహంలో ఆ వెలుగు చూసినా అతని మనసు మెత్తబడేది. ఇవాళ మెత్తబడలేదు. రోత ఇంకా చిక్కబడింది.

"పైకి పోను తియ్యి," అన్నాడు ఆమె వంక చూడకుండా. "రేపటి సంది క్లాసు కంటె ముందు జల్దీ రా. నేను గూడ వస్త. మళ్ల ఆ చాట్ తెరిచినవనుకో, సీదా పైకే పోత."

"తప్పకుండ వస్త సార్. ఎవరికి చెప్పకుర్రి సార్."

మెట్ల మీద చెప్పుల చప్పుడు, నవ్వులు. బ్యాచ్ తిరిగొస్తోంది.

జాస్మిన్ చున్నీతో మొహం తుడుచుకుని, మార్కర్ అందుకుని బోర్డు ముందుకు నడిచింది; పరమేష్ ఆఖరి వరుసలో మిగతా విద్యార్థుల పక్కన తన కుర్చీలో కూర్చుని, మేడమ్ చెప్పేది రాసుకోవడానికి పెన్ను మూత తీశాడు.