లక్ష్మణరావు హస్తవాసి

సుందర్‌రాజ్ పామ్‌టాప్‌ని కౌంటర్ మీదికి విసిరినంత పని చేశాడు.

"ఏంది సార్ గిది? వారంల మూడోసారి. గీడ మంచిగనే ఉంటది. నాంపల్లి పోయేసరికి చార్జింగ్ ఎక్కదు, గుర్రుమని ఒకటే మోత. పని రాకుంటే రాదని చెప్పున్రి."

ఆబిడ్స్ సందులోని ఆ రిపేరు దుకాణం ముందు అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. నలుగురిలో ఆ మాటంటే ఎవరికి మాత్రం మండదు? లక్ష్మణరావుకి అరికాలి మంట నెత్తికెక్కింది. రేడియోల కాలం నుంచి సెల్‌ఫోన్ల కాలం దాకా చేతికొచ్చిన ప్రతి వస్తువునీ బతికించి పంపిన మనిషాయన. హస్తవాసి మంచిదని కోఠి నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు.

సుందర్‌రాజ్ బాధా చిన్నదేం కాదు. మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్. డాక్టర్ల ఆర్డర్లన్నీ కంపెనీ ఇచ్చిన ఆ చేతి కంప్యూటర్లోనే ఉన్నాయి. రేపు పొద్దున మీటింగులో అది వెలగకపోతే ఉద్యోగం గురించి మర్చిపొమ్మన్నాడట మేనేజరు.

లక్ష్మణరావు స్క్రూలు విప్పాడు. బ్యాటరీకి మీటరు పెట్టాడు, బాగుంది. చార్జర్‌కి పెట్టాడు, అదీ బాగుంది. అయినా రేపు మళ్లీ మాట పడకూడదని కొత్త చార్జర్ తీసి ఇచ్చాడు. చార్జింగ్ పిన్నులు అలవాటు కొద్దీ స్పిరిట్‌తో తుడిచి, అందరూ చూస్తుండగా అరగంట చార్జింగ్ పెట్టాడు. లైటు మిణుకుమనలేదు. స్పీకర్‌కి చెవి ఆనించి వినమన్నాడు. చిటుక్కుమన్న చప్పుడు లేదు.

"లోపం దీన్లో లేదండీ, మీ ఇంటి కరెంటులో ఉంది. ఎర్త్ సరిగ్గా వేయించుకోకుండా నన్నంటే ఎలా?"

ఇంట్లో టీవీ నడుస్తోందనీ, ఫ్రిజ్ నడుస్తోందనీ, కరెంటుకి దీనొక్కదాని మీదే పగ ఎందుకుంటుందనీ సుందర్‌రాజ్ గొంతు పెంచాడు.

"పదండి, నేనే వచ్చి చూస్తాను" అన్నాడు లక్ష్మణరావు.

పట్టపగలు షట్టర్ దించడం ఆ దుకాణం పుట్టాక అదే మొదలు. అంత రోషంలోనూ అలవాట్లు తప్పలేదు. టెస్టరు, భూతద్దం జేబులో వేసుకున్నాడు. గోడ మీది వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాడు. బాగుచేసిన ప్రతి వస్తువుకీ పెట్టినట్టే పామ్‌టాప్‌కీ, అద్దం పాడవకుండా కింది అంచున, తడి కుంకుమ బొట్టు పెట్టి చేతికిచ్చాడు. తాళం వేసి ఆటో పిలిచాడు. దారంతా ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నారు.

నాంపల్లిలో సుందర్‌రాజ్ భార్య సుగుణమణి తలుపు తీసింది. లక్ష్మణరావు మంచినీళ్లు కూడా ముట్టకుండా ప్లగ్గు పరీక్షించాడు. ఎర్త్ ఉంది. వైరింగులో వంక పెట్టడానికి లేదు. పామ్‌టాప్‌కి చార్జర్ తగిలించాడు. లైటు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. స్పీకరు గుర్రుమంది.

"చూసిన్రా?" అన్నాడు సుందర్‌రాజ్.

లక్ష్మణరావు మొహం మాడిపోయింది. చార్జర్ లాగేసి, కింది అంచున ఉన్న చార్జింగ్ పిన్నుల మీద భూతద్దం పెట్టాడు. చూసి చూసి, దొంగ దొరికినట్టు లేచి నిలబడ్డాడు. పిన్నుల మధ్య ఎర్రటి కుంకుమ ముద్ద. తడికి పిన్నూ పిన్నూ కలిసిపోతే చార్జింగ్ ఎలా ఎక్కుతుంది, గుర్రుమనక ఏం చేస్తుంది?

"మూడుసార్లు నా దుకాణానికొచ్చి నా పరువు తీశారు. ఇప్పుడు చెప్పండి" అంటూ వేలెత్తి ఇద్దర్నీ నిలదీశాడు. "భక్తి ఉండొచ్చు, కాదనను. పిన్నుల్లో కుంకుమ కూరుస్తారటమ్మా? మీ ఇంట్లో దీనికి పూజ చేసిందెవరు?"

సుందర్‌రాజ్ భార్య వైపు తిరిగాడు.

"మేము చర్చికి పోయేటోళ్లం సార్, మా ఇంట్ల కుంకుమే ఉండదు" అని నెమ్మదిగా చెప్పి, సుగుణమణి ఆయన ఎత్తిన వేలి వంక చూసింది. దాని కొస ఇంకా ఎర్రగానే ఉంది.